మోచేతి ఎత్తు

ఆ వేసవి మా ఇంట్లో గొడవ ఒక అలమరా దగ్గర మొదలైంది. దాన్ని చేయించుకున్న టీచరమ్మ తలుపులు నాలుగుసార్లు తెరిచి మూసి మురిసిపోయి, "మీ ఇద్దరి చేతుల్లో ఏదో ఉందండీ" అంది. ఇద్దరి అన్న మాట నాన్నకు ఎక్కడో గుచ్చుకున్నట్టుంది.

"ఆవిడదేముందమ్మా. నేను చెప్పింది రాసుకోవడం తప్ప ఆవిడకేం తెలుసు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అమ్మ అప్పుడు నాన్న వడ్రంగి షెడ్డు గుమ్మానికి చేరబడి, కొలతల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై రెండేళ్లుగా నాన్న కొలుస్తున్నాడు, అమ్మ రాస్తోంది. అద్దాల షాపుకీ కోతమిల్లుకీ ఫోన్లు చేసేదీ, చీటీలు పంపేదీ అమ్మే. ఆ రోజు అమ్మ పెన్సిలు పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని దాని మేకుకు తగిలించి, మర్నాడు పొద్దున్న పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లిపోయింది.

నాలుగు రోజులుండి వస్తుందనుకున్నాం. నాలుగు వారాలు దాటాయి. నాతో ఫోన్లో బాగానే మాట్లాడేది, నాన్న మాట ఎత్తితే మాత్రం పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసేది. చివరికి ఒకరోజు తనే చెప్పింది.

"నెలాఖరు ఆదివారం వ్యాను మాట్లాడుకుని వస్తాను. నా కుట్టుమెషిన్ తీసుకెళ్లాలి."

అమ్మ బట్టలు పట్టుకెళ్లినప్పుడు నాకు భయం వేయలేదు. కుట్టుమెషిన్ కూడా వెళ్లిందంటే ఇక అమ్మ రాదు. అది నాకూ తెలుసు, నాన్నకూ తెలుసు. అయినా ఫోన్ తీసి ఒక్క మాట అనడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నలభై ఏళ్లుగా చెక్కను వంచుతున్న మనిషి తాను వంగడం మాత్రం నేర్చుకోలేదు.

ఇది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి వచ్చిపడింది. అమ్మ వెళ్లిన రెండో వారంలో ఒక షోకేసుకి అద్దాలు వచ్చాయి. ఒక్కటీ పట్టలేదు. నిలువూ అడ్డమూ పెద్దవైపోయాయి. నాన్న షాపతన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. షాపతను పాపం, నాన్న ఫోన్లో చెప్పిన అంకెలు రాసుకున్న కాగితం తెచ్చి చూపించాడు. మరో వారానికి ఒక బీరువా తలుపుకి నిలువుటద్దం కూడా అలాగే వచ్చింది. నాన్న కొలత తప్పిందన్న మాట నేను పుట్టాక వినలేదు.

మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది, వాళ్ల మావగారికి మతిమరుపు జబ్బు ఇలాగే మొదలైందట. ముందు అంకెలు పోయాయట, తర్వాత మనుషులు పోయారట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. నాన్నకు తెలియకుండా నరాల డాక్టరు దగ్గర నంబరు రాయించాను. షెడ్డులో కరెంటు రంపం ఫ్యూజు పీకి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. చేయి తెగితే ఎవరిది బాధ్యత?

"లైను పోయినట్టుంది నాన్నా, మనిషిని పిలిపిస్తాలే" అన్నాను.

నాన్న నా మొహం వంక ఒకసారి చూసి చేతిరంపం అందుకున్నాడు.

ఆ మర్నాడే అడిగాడు, "మీ ఆఫీసు కంప్యూటరు మెషిను ఆటలపెట్టె కోస్తుందా?" అని.

"ఏ ఆటలపెట్టె?"

"అప్పట్లో కోతమిల్లు పక్క క్యాంటీన్లో ఉండేది. నిలబడి ఆడేది. పైనుంచి రాళ్లు పడుతుంటే కింద ఓడతో పేలుస్తారు చూడు, అది."

నాకు అర్థమైంది. ఆ కథ అమ్మ నోట వందసార్లు విన్నాను. పెళ్లయిన కొత్తలో అమ్మ కూడా కోతమిల్లుకి వెళ్లేదట. దుంగలు కోసేదాకా పొద్దుపోక ఆ పెట్టె ముందు నిలబడేది. లారీ డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని వెనక చేరేవాళ్లట. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు పేరు రాయాలంటే అమ్మ సిగ్గుపడి మూడు చుక్కలు పెట్టేది. ఆ మూడు చుక్కల్ని రెండేళ్లు ఎవరూ దాటలేదట. ఒకసారి ఓడను తిప్పే జాయ్‌స్టిక్ మీది గుండు విరిగిపోతే, నాన్న మిల్లులోనే ఒక చెక్కముక్క తీసుకుని గుండు చేసి బిగించాడు. నాన్న అమ్మకిచ్చిన మొదటి కానుక అదే, అదీ క్యాంటీనువాడి మెషిన్‌కి.

"ఎక్కడ పెడదాం?" అన్నాను.

"కుట్టుమెషిన్ పక్కన. ఆ గోడకీ దీనికీ మధ్యన."

నేను పనిచేసే చోట గీసింది గీసినట్టు కోసే మెషిన్లున్నాయి. ప్లైవుడ్ కోయడానికి రౌటర్, ప్లాస్టిక్ పలకలకి లేజర్, చిన్న చిన్న భాగాలకి త్రీడీ ప్రింటర్. నేను కంప్యూటర్లో బొమ్మ గీసి పంపిస్తాను. రౌటర్ దగ్గరుండేవాణ్ని మేమంతా పొట్టుదొర అంటాం. సాయంత్రమయ్యేసరికి వాడి కనుబొమ్మల మీద కూడా రంపపు పొట్టే.

కొలతలు నాన్న తీశాడు. నేను కుట్టుమెషిన్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అంకెలు కొట్టాను. వెడల్పు డెబ్బై. పై అరదాకా ఎత్తు నూట డెబ్బై అయిదు. లోతు అరవై అయిదు. ఎప్పటిలాగే గబగబా చెప్పుకుపోయాడు, నేను ఇటు చూసేలోపే టేపు అటు పెట్టేశాడు.

"బటన్ల పలక ఎంతెత్తులో ఉండాలి? అమ్మ మోచేతికి నాలుగు వేళ్లు కింద ఉంటే చేతులు నొప్పి పుట్టవు. అమ్మ మోచేతి ఎత్తు నీకెలా తెలుస్తుంది?"

నాన్న షెడ్డు గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ద్వారబంధం మీద ఒకచోట రంగు కాస్త అరిగిపోయి ఉంది. పుస్తకం పట్టుకుని రాసుకునేటప్పుడు అమ్మ మోచెయ్యి ఆనే చోటది. టేపును అక్కడ బొటనవేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో నేలదాకా లాగాడు.

"నూట పన్నెండు" అన్నాడు.

మనిషి మీద ఇంత ధ్యాస పెట్టుకుని, ఆ మనిషికి ఒక్క ఫోన్ చేయడానికి ఏం రోగం అని నాకు ఒళ్లు మండింది. అంకె కొట్టాను.

కోత రోజున నాన్న కూడా వచ్చాడు. మెషిన్లంటే ఆయనకి చిన్నచూపు. పొట్టుదొర పలకను బల్లమీద బిగిస్తుంటే దాని అంచును రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "పలకలు దూరే గాళ్లు ఎంతకి గీశావు?" అని నన్నడిగాడు.

"పద్దెనిమిదికి. మిల్లీమీటర్లు. పలక మీద రాసే ఉంది కదా."

"రాసి ఉన్న పలక ఎప్పుడూ పద్దెనిమిది ఉండదు. ఇది పదిహేడున్నరకి వెంట్రుకవాసి తక్కువ. ఇలాగే కోస్తే అతుకులన్నీ పళ్లూడిన నోరులా కదులుతాయి."

పొట్టుదొర మందం కొలిచే కాలిపర్ తెచ్చి పెట్టాడు. పదిహేడు పాయింట్ నాలుగు. వాడు నా వైపు చూసి, "బాబాయ్ వేళ్లను ఎక్కడైనా అమ్ముతారా అక్కా?" అన్నాడు. నేను గాళ్లన్నీ మళ్లీ గీశాను. వేళ్లకు ఇంత తెలిసిన మనిషికి అంకెలు ఎలా తప్పుతున్నాయో అంతుపట్టక నా భయం ఇంకాస్త పెరిగింది.

రౌటర్ తిరగడం మొదలుపెట్టాక నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. "ఈ మూలలకి చెవులెందుకు?" అన్నాడు. గాడి మూల మూలకీ చిన్న గుండ్రటి చిల్లు పడుతోంది.

"బ్లేడు గుండ్రంగా ఉంటుంది బాబాయ్. తిన్నగా మూలలోకి దూరలేదు. అందుకని కాస్త అవతలికి పోయి తిరిగి రమ్మంటాం" అన్నాడు పొట్టుదొర.

ఈ బ్లేడు కూడా అచ్చం నాన్నలాగే ఉంది, అనుకున్నాను. తిన్నగా వెళ్లి తప్పయిందని చెప్పలేక, ఆటలపెట్టె పేరుతో చుట్టూ తిరుగుతున్నాడు.

తెర పట్టే చోటు నేనే తీసుకున్న కొలతతో కోయించాను, అది సరిగ్గా కుదిరింది. బటన్లకి చిల్లులు కుదిరాయి. లేజర్‌తో కోసిన పై పలక మీద మూడు చుక్కలు, వాటి వెనక దీపం. రాళ్లు పడే ఆట నేనే రాశాను. జాయ్‌స్టిక్ గుండు ప్రింటర్ మీద పోయించి ఇస్తే, నాన్న అరచేతిలో దొర్లించి చూసి, "చెమట పడితే జారుతుంది" అని పక్కన పడేసి, ఇంటికొచ్చి చెక్కతో చేసుకున్నాడు. చేతిరంపంతో, ఆకురాయితో. ఫ్యూజు నా బ్యాగులోనే ఉంది మరి.

అమ్మ వ్యాను వచ్చే ఆదివారానికి ఇంకా అయిదు రోజులున్నాయి. పలకలన్నీ ఇంటికి తెచ్చి, నిలబెట్టి, అతుకులు దించాం. ఒక్క మేకు లేకుండా పెట్టె నిలబడింది. ఇద్దరం చెరో పక్క పట్టుకుని కుట్టుమెషిన్ పక్కకి తోశాం. దూరలేదు. ఎత్తు చూస్తే పై అరకు తగులుతోంది.

నాన్న టేపు తీసి ఖాళీ కొలిచాడు. "డెబ్బై. నేను చెప్పింది డెబ్బయ్యే." పెట్టె కొలిచాడు. "ఎనభై. మీవాడు ఎనభై కోశాడు."

నేను ఆఫీసు నుంచి తెచ్చిన స్టీలు స్కేలు పెట్టి చూశాను. పెట్టె సరిగ్గా డెబ్బై ఉంది. గోడకీ కుట్టుమెషిన్‌కీ మధ్య అరవయ్యే ఉంది.

"పెట్టె డెబ్బయ్యే నాన్నా. ఖాళీయే అరవై. నువ్వే తప్పు చెప్పావు."

"నా కళ్లతో చూసి చెప్తున్నాను, ఎనభై."

"చూసి చెప్పు, గుర్తుపెట్టుకుని కాదు."

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఇద్దరం ఒక్క టేపు మీద తలలు వంచి చూసి ఉంటే అక్కడే తేలిపోయేది. కానీ నా గుండెలో నెలరోజులుగా పేరుకున్న భయం ఆగలేదు. "అద్దాలు తప్పాయి. నిలువుటద్దం తప్పింది. ఇప్పుడిది. నీకు మతి తప్పుతోంది నాన్నా. పన్నెండో తారీకున డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, నంబరు కూడా రాయించాను" అన్నాను.

అన్న మరుక్షణం నా నాలుక కోసుకోవాలనిపించింది. నాన్న కోప్పడి ఉంటే బాగుండేది. షెడ్డులోకి వెళ్లి ఉలులన్నీ ఒక్కొక్కటే తుడిచి, గుడ్డలో చుట్టి తాడు కట్టాడు.

"ఫ్యూజు నీ బ్యాగులోనే ఉంది కదూ" అన్నాడు.

నేను బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను.

"ఉండనీ" అన్నాడు.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. రాజీ చేయడానికి కాదు. భారం ఒక్కదాన్నీ మోయలేక చేశాను. అద్దాల సంగతీ, డాక్టరు సంగతీ, ఉలులు మూట కట్టేసిన సంగతీ ఏడుస్తూ చెప్పాను. ఏం చేయిస్తున్నామో మాత్రం చెప్పలేదు, ఏదో పెట్టె అన్నాను.

అమ్మ అంతా విని, "ఎంత ఎక్కువ వస్తోంది?" అంది.

"ఎంతంటే ఏముంది, ఏదీ పట్టడం లేదు."

"సరిగ్గా చెప్పు. ఒకదానికి ఎంత, ఇంకోదానికి ఎంత?"

ఆలోచించాను. పెట్టె వెడల్పు పది సెంటీమీటర్లు. ఎత్తు పది. షోకేసు అద్దాలు కూడా చేతికి జానెడు లోపే, పదే అయి ఉంటుంది. "అన్నీ పదే" అన్నాను.

"పది తీశావా?" అంది అమ్మ.

"ఏం పది?"

"ఆయన చెప్పినదాంట్లోంచి పది తీసి రాయాలి కదే. టేపు కొనను ఆయన నమ్మరు. కొన అరిగిపోతుంది, వంగిపోతుంది, అబద్ధం చెప్తుంది అంటారు. పది అంకె మీద బొటనవేలు పెట్టి అక్కణ్నుంచి కొలుస్తారు. చెప్పేటప్పుడు మాత్రం కనపడ్డ అంకె చెప్పేస్తారు. నేను తీసి రాసుకుంటాను."

నేను పుట్టినప్పటి నుంచి ఆ బొటనవేలు చూస్తున్నాను.

"మరి తను చేసేవేవీ తప్పవే?"

"తను కొలిచేదీ ఆ టేపుతోనే, చెక్క మీద గీత పెట్టేదీ ఆ టేపుతోనే. అక్కడా పది వదిలి, ఇక్కడా పది వదిలితే తప్పెందుకు వస్తుంది? అంకె ఇంకొకళ్ల చేతికి వెళ్లినప్పుడే తియ్యాలి."

"ఈ సంగతి నాన్నకు తెలుసా?"

"పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పారు, పది తీసి రాయి అని. ఒక్కసారే చెప్పారు" అంది.

అంటే నాన్న మరిచిపోయింది ఆ ఒక్క మాటే. అదీ ముప్పై రెండేళ్ల కిందట మరిచిపోయాడు.

మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాను. షెడ్డు బల్ల మీద టేపునీ స్టీలు స్కేలునీ పక్కపక్కన పెట్టి, "నాన్నా, ఎలా కొలుస్తావో ఒకసారి చూపించు" అన్నాను. పది మీద బొటనవేలు పెట్టాడు. నేను ఆ వేలి మీద నా వేలు పెట్టి, అమ్మ చెప్పింది చెప్పాను.

"నేను చెప్పానా?" అన్నాడు నాన్న. "ఎప్పుడు?"

మేకు నుంచి పుస్తకం తీశాడు. బహుశా మొదటిసారి తెరిచి చదవడం. ఒక పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టుకుని, లేచి వంటింట్లోకి వెళ్లాడు. వంటింటి తలుపు ఆయన చేసిందే. దాని వెడల్పు కొలిచాడు. టేపు మీద ఎనభై ఆరు. పుస్తకంలో అమ్మ రాత, డెబ్బై ఆరు. కిటికీ కొలిచాడు. దేవుడి అర కొలిచాడు. వీధి తలుపు కొలిచాడు. ప్రతిచోటా పుస్తకం చూడడం, టేపు చూడడం. నేను వెనకే నడిచాను. చివరికి షెడ్డులోకి వచ్చి చెక్కదుంగ మీద కూలబడ్డాడు.

"రాసుకోవడం తప్ప..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

నాన్న కళ్లలో నీళ్లు నేను అంతకుముందు చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. బ్యాగులోంచి ఫ్యూజు తీసి బల్ల మీద పెట్టి, "తప్పయింది నాన్నా" అన్నాను. మా ఇంట్లో ఆ మాట ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.

ఆయన ఫ్యూజు జేబులో వేసుకున్నాడు. "డాక్టరు నంబరు వదులుకోకు. నువ్వే వెళ్లి చూపించుకో" అన్నాడు. దుంగ మీంచి లేచి, "పలకలు పనికొస్తాయా?" అన్నాడు.

"పొట్టుదొరని అడిగాను. పెద్దవైనవి కోసుకోవచ్చు, చిన్నవైతేనే చేసేదేం లేదన్నాడు. రేపు మళ్లీ బల్లెక్కిస్తాడు. అంకెలన్నీ నేను పది తీసి సరిచేస్తాను."

"నువ్వొద్దు" అన్నాడు నాన్న. "ఫోన్ కలుపు."

ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. అటు అమ్మ "హలో" అంది. నాన్న ఎలా ఉన్నావనీ అనలేదు, ఏమేవ్ అనీ అనలేదు. గొంతు సవరించుకుని, పని మధ్యలో ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు.

"వెడల్పు డెబ్బై."

అమ్మ ఫోన్ పెట్టేసిందేమోనని నేను చూశాను. పెట్టేయలేదు.

"అరవై" అంది అమ్మ.

"ఎత్తు నూట డెబ్బై అయిదు."

"నూట అరవై అయిదు."

"లోతు అరవై అయిదు."

"యాభై అయిదు." కాస్త ఆగి అడిగింది, "ఎవరిదండీ ఆర్డరు?"

"ఒకావిడది."

"తొందరగా కావాలటా?"

"ఆదివారంలోపు ఇవ్వాలి."

నాన్న టేపు తీసుకుని లేచి గుమ్మం దగ్గరికి నడిచాడు. రంగు అరిగిన చోట బొటనవేలు పెట్టి, నేలదాకా లాగి, మళ్లీ చూసుకుని, అక్కణ్నుంచే గట్టిగా చెప్పాడు.

"మోచేతి ఎత్తు నూట పన్నెండు."

"ఎవరి మోచెయ్యి?"

"ఆవిడదే. గుమ్మానికి ఆనుకుని రాసుకునే ఆవిడది."

నేను నూట రెండు అని కొట్టేసి కూర్చున్నాను. లెక్క నాకూ వచ్చు. అటు పెద్దమ్మ ఇంట్లో ఎక్కడో గిన్నె పడిన చప్పుడు, ఎవరో పిలిచిన చప్పుడు.

"నూట ఒకటి" అంది అమ్మ చివరికి. "ఈమధ్య ఒకటి తగ్గాను. ఆవిడకు ఆదివారమే తొందరేం లేదు, నెమ్మదిగా చెయ్యండి."

నేను రెండు చెరిపి ఒకటి కొట్టాను. నాన్న గుమ్మం దగ్గర్నుంచి వచ్చి, పుస్తకంలోంచి పెన్సిలు తీసి, అమ్మ ఆఖరిసారి రాసిన వరస కింద వంకరటింకరగా ఆ అంకె వేశాడు.

"రాసుకున్నారా?" అంది అమ్మ.

"రాసుకున్నాను" అన్నాడు నాన్న.